విదేశోద్యోగము – యజమాని మార్పు

(ప్లాటినం జూబిలీ సందర్భమున పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పాఠశాలలో అక్షరములు దిద్దిన పిల్లలలో కొందరు నేడు డల్లాస్‌లోను, న్యూజెర్సీలోను, శాన్‌హోజేలోను ఉద్యోగములు చేయుచున్నారు. వారి తల్లిదండ్రులలో పలువురు ఈ సభలోనే ఉన్నారు. పండుగకో పెండ్లికో నలుగురు కలిసినచోట వారి నోట తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు. “అబ్బాయి కంపెనీ మారతానంటున్నాడు. మారితే వీసా పోదు గదా?” ప్రశ్న చిన్నది. దాని వెనుక ఇంటి మీది అప్పు, చెల్లెలి పెండ్లి, అక్కడి బడిలో చదువుకొనుచున్న మనుమడు, ఇన్నియు ఉన్నవి. సమాధానము తెలిసినవారు ఒకటి చెప్పగా, తెలియనివారు పది చెప్పుదురు. కావున నేటి ప్రసంగమునకు ఆ ప్రశ్నయే విషయము.

యజమానిని విడిచిపోవుట అనునది మహారాష్ట్రమునకు వలసవచ్చిన తెలుగు కుటుంబములకు కొత్త సమస్య కాదు. మగ్గమును నమ్ముకొని షోలాపూరు, భివండీ పట్టణములకు చేరిన పద్మశాలీలకును, ముంబయిలో కట్టడపు పనులకు వచ్చి కామాఠీపురా అను పేటకు తమ పేరును మిగిల్చిన కామాఠీలకును ఇది తెలిసిన బాధయే. సేఠు వద్ద ముందుగా పుచ్చుకొన్న సొమ్ము తీరనిదే మరొక కార్ఖానాకు పోవుటకు వీలులేని రోజులుండెను. బట్టల మిల్లులలో కూలీని చేర్చుకొనుటయు తీసివేయుటయు జాబరు చేతిలోని పని. అతని చేయి తడపనిదే మగ్గము దొరకెడిది కాదు. ముందుగా సొమ్ము పుచ్చుకొని పని విడిచిపోయినవానిని మేజిస్ట్రేటు ఎదుట నిలిపి, అవసరమైనచో జైలుకు పంపుటకు 1859లో ఆంగ్ల ప్రభుత్వము ఒక చట్టమునే చేసినది. 1925లో వచ్చిన రద్దు చట్టముతో గాని అది తొలగలేదు.

తాతల కాలమున బాకీ చిట్టా చేసిన పనిని మనుమల కాలమున పిటిషను చేయుచున్నదని కొందరందురు. ఈ పోలికను మరీ దూరము లాగరాదు. తాతకు తలుపే లేదు. మనుమనికి చట్టము ఒక తలుపు తెరచి ఉంచినది. అది ఎక్కడ ఉన్నదో, ఏ వేళ దాటవలెనో తెలియకపోవుటయే పెక్కుమంది కష్టములకు మూలము.

అమెరికాలో నైపుణ్యముగల ఉద్యోగులకు ఇచ్చు హెచ్-1బి అను తరగతి 1990 నాటి వలస చట్టముతో ఇప్పటి రూపము దాల్చినది. ఏటా 65,000 అను పరిమితియు ఆ చట్టములోనిదే. అమెరికా విశ్వవిద్యాలయములలో మాస్టర్స్ పట్టమో అంతకు పైదో పొందినవారికి మరి 20,000 స్థానములను 2004 నాటి చట్టము చేర్చినది. మొదట మూడేండ్లు, పొడిగించిన మరి మూడేండ్లు, వెరసి ఆరేండ్లు. 2024 ఆర్థిక సంవత్సరములో ఆమోదము పొందిన హెచ్-1బి పిటిషన్లలో నూటికి 71 భారతదేశమున పుట్టినవారివి. ఈ సభలో ఆ ప్రశ్న ఇంత తరచుగా వినబడుటకు కారణము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ అనుమతిని కోరునది ఉద్యోగి కాదు, యజమాని. ఇది మొదట గ్రహింపవలసిన సంగతి. రెండవది, అందరును ‘వీసా’ అని ఒక్కమాటగా పిలుచునది నిజమునకు మూడు వేరువేరు కాగితములు. పాస్‌పోర్టులో అంటించునది దేశములో ప్రవేశించుటకు మాత్రమే పనికివచ్చు వీసా ముద్ర. ఐ-94 అను పత్రము ఎంతకాలము ఉండవచ్చునో తెలుపును. ఐ-797 అను ఆమోదపత్రము ఏ యజమాని వద్ద, ఏ కాలమునకు పని చేయవచ్చునో తెలుపును. యజమాని మారినప్పుడు తప్పక మారవలసినది ఈ మూడవది. ముద్ర మీద పాత కంపెనీ పేరున్నను, దాని గడువు తీరనంతవరకు, కొత్త కంపెనీ ఆమోదపత్రమును వెంట నుంచుకొని దానితోనే తిరిగి ప్రవేశింపవచ్చును. ఈ సంగతి తెలియక ఇంటిలోని శుభకార్యములకు సైతము ప్రయాణము మానుకొనువారు కలరు.

2000 సంవత్సరము వరకు నియమము మిక్కిలి కఠినముగా ఉండెను. కొత్త యజమాని పిటిషను వేసి, అది ఆమోదము పొందువరకు ఉద్యోగి కొత్తచోట అడుగు పెట్టరాదు. ఈలోగా పాత యజమాని తీసివేసిన యెడల రెండింటికిని చెడినట్లే. 2000 అక్టోబరు 17న అధ్యక్షుడు క్లింటన్ సంతకముతో వచ్చిన చట్టము దీనిని మార్చినది. కొత్త యజమాని పిటిషను ప్రభుత్వమునకు చేరిన నాటి నుండియే ఉద్యోగి కొత్త పనిలో చేరవచ్చునని అది నిర్ణయించినది. ఇందుకు షరతులు కలవు. ఆ వ్యక్తి దేశములో సక్రమముగా ప్రవేశించి యుండవలెను. ఐ-94 గడువు తీరకముందే ఆ పిటిషను చేరవలెను. అది నామమాత్రపుది కాక యథార్థమైన ఉద్యోగమునకై వేసినదై యుండవలెను. ప్రవేశించిన నాటినుండి అనుమతి లేని పని ఏదియు అతడు చేసి యుండరాదు. ఈ నాలుగవ షరతు వద్దనే కొందరు జారిపడుదురు. సాయంకాలము స్నేహితుని దుకాణములో కూర్చుండి పుచ్చుకొన్న నాలుగు డాలర్లు కూడ అనుమతి లేని పనియే అగును.

వాడుకలో దీనిని ‘ట్రాన్స్‌ఫర్’ అందురు. ఆ మాటయే కొంత అపోహకు కారణము. ఒక బడి నుండి మరొక బడికి పోవు పిల్లవాడు ప్రధానోపాధ్యాయుని సంతకముతో టి.సి. తీసికొనిపోవును. అట్లే పాత కంపెనీ సంతకము చేసి పంపవలెనని పలువురు భావింతురు. చట్టములో అట్టి టి.సి. లేదు. కొత్త యజమాని తన సొంత పిటిషను వేయును. పాత యజమాని అనుమతి గాని, నిరభ్యంతర పత్రము గాని అక్కరలేదు. ముందుగా అతనికి తెలుపవలసిన పనియు లేదు. ఒకసారి వార్షిక పరిమితిలో లెక్కకు వచ్చినవాడు మరల లాటరీకి పోనక్కరలేదు. అయితే విశ్వవిద్యాలయములలోను, లాభాపేక్షలేని పరిశోధన సంస్థలలోను చేరినవారు ఆ పరిమితికి బయటివారు. వారు మామూలు కంపెనీకి మారదలచినప్పుడు లాటరీ తప్పదు. పరిశోధన ఉద్యోగములలో ఉన్న పూర్వ విద్యార్థులు ఈ భేదమును ముఖ్యముగా గుర్తింపవలెను.

పని జరుగు తీరు ఇట్లుండును. కొత్త యజమాని ముందుగా కార్మిక శాఖ నుండి ఎల్.సి.ఎ. అను ధ్రువీకరణము పొందవలెను. ఆ ప్రాంతములో ఆ పనికి చెల్లు జీతమునకు తగ్గకుండ ఇచ్చెదనని అందులో ప్రమాణము చేయును. దీనికి ఏడు పనిదినములు పట్టును. ఆ తరువాతనే ఐ-129 అను పిటిషను వలస సేవల శాఖకు పోవును. ఉద్యోగి ఇవ్వవలసినవి పాస్‌పోర్టు, ఐ-94, పాత ఐ-797, పట్టాలు, ఇటీవలి జీతపు చీట్లు. వీనిలో జీతపు చీట్లకు గల విలువ చాలమందికి తెలియదు. ఆనాటివరకు అతడు సక్రమ స్థితిలో ఉండెనని నమ్మించునవి అవే. నెలల తరబడి జీతము లేక కూర్చున్నవానికి పిటిషను ఆమోదమైనను ఐ-94 పొడిగింపు దొరకకపోవచ్చును. అప్పుడు దేశము దాటి మరల ప్రవేశింపవలసి వచ్చును.

రాజీనామా ఎప్పుడు ఇయ్యవలెను? కొత్త కంపెనీ ఉద్యోగపు ఉత్తరము పంపినంత మాత్రమున ఇయ్యరాదు. పిటిషను చేరినట్లు రసీదు వచ్చిన పిమ్మట ఇయ్యవచ్చును. చట్టము అందుకు ఒప్పుకొనును. నిదానించగలవారు ఆమోదము వచ్చువరకు ఆగుట మేలు. అదనపు రుసుము చెల్లించి ప్రీమియం పద్ధతిలో వేసిన యెడల 15 పనిదినములలో శాఖవారు ఏదో ఒక జవాబు ఇత్తురు. రసీదుతో చేరి, పిమ్మట పిటిషను తిరస్కారమైనచో వెంటనే పని ఆపవలెను. పాత పిటిషను ఇంకను చెల్లుచుండి, ఐ-94 గడువు మిగిలి, పాత యజమాని రమ్మన్నయెడల వెనుకకు పోవచ్చును. అందువలన విడిచిపోవునప్పుడు పాతవారితో మాటలు తెంచుకొనక, రెండు వారముల ముందు తెలిపి, అప్పగింతలు సక్రమముగా చేసి పోవుట మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడ. ఒక రసీదుతో చేరి, అది తేలకముందే రెండవ రసీదుతో మరొకచోటికి, అక్కడినుండి మూడవచోటికి దూకువారు కలరు. ఐ-94 గడువు తీరిన పిమ్మట ఆ గొలుసులో ఒక్క కొక్కెము తెగినను తరువాతివన్నియు దానితోపాటు రాలిపోవును.

ఇంతవరకు చెప్పినది తన ఇష్టముతో మారువాని సంగతి. ఉద్యోగము పోయినవాని సంగతి వేరు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, అమెజాన్ 18,000 మందికి పైగా తొలగించుచున్నట్లు ప్రకటించినవి. ఆ నెలలలో తెలుగు ఇండ్లలో అరువది అను సంఖ్య అందరి నోటను మ్రోగినది. వయసు నిండుటకు పండుగ చేసికొను సంఖ్య అట్లు భయపు సంఖ్యయైనది.

ఆ అరువది దినముల నియమము 2017 జనవరి 17 నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు ఉద్యోగము ఆగిన మరునాటినుండియే స్థితి చెడినట్లు లెక్క. ఇప్పుడు గరిష్ఠముగా అరువది దినముల వరకు స్థితి చెడినట్లు ఎంచరు. తీసివేసినను, తానే విడిచినను ఇది వర్తించును. ఒక్కొక్క ఆమోద కాలములో ఒక్కసారి మాత్రమే. ఐ-94 గడువు అంతకు ముందే తీరుచున్నచో ఆనాటితోనే సరి. ముప్పది దినములే మిగిలినవానికి ముప్పదియే. ఈ కాలమున పని చేయరాదు. లెక్క ఎన్నడు మొదలగును? సాధారణముగా జీతము చెల్లిన చివరి దినమునకు మరునాటినుండి. విడిచిపోవునప్పుడు పరిహారముగా కొన్ని నెలల సొమ్ము ముట్టినంత మాత్రమున దినములు పొడిగినట్లు భావింపరాదు.

అరువది దినములలో ఏమి జరుగవలెనన్నదే అసలు మెలిక. ఉద్యోగము దొరకుట చాలదు, ఎల్.సి.ఎ. వచ్చుట చాలదు, పిటిషను శాఖవారికి చేరవలెను. ఎల్.సి.ఎ.కు ఏడు పనిదినములు, న్యాయవాది కాగితములు సిద్ధము చేయుటకు కొన్ని దినములు, నడుమ సెలవులు. వెనుకకు లెక్కించినచో నలుబదవ దినము నాటికి ఉద్యోగపు ఉత్తరము చేతిలో ఉండవలెను. పెద్ద కంపెనీలలో ఇంటర్వ్యూలకే నెలదాటుచున్నది. కనుక మొదటి వారమును దుఃఖమునకు ఇచ్చినవాడు ఆ సమయమున చాల పోగొట్టుకొన్నవాడగును. ఆ బాధ ఉండదని కాదు. బాధపడుచునే మొదటి రెండు దినములలో న్యాయవాదిని చూడవలెను.

కొత్త పిటిషను సమయమునకు చేరనిచో వేరు దారులు కలవు. భార్యకో భర్తకో సొంత హెచ్-1బి ఉన్నచో వారిపై ఆధారపడు హెచ్-4 స్థితికి మారవచ్చును. సందర్శకుని స్థితియైన బి-2కు దరఖాస్తు చేసి, అది తేలువరకు ఉండవచ్చును. అయితే అప్పుడు పని చేయరాదు, అరువది దినములు దాటిన పిమ్మట దొరకిన ఉద్యోగములో రసీదుతో చేరుటయు కుదరదు, ఆమోదము రావలెను. ఏ దరఖాస్తును లేక గడువు దాటి ఉండిపోవుట మాత్రము మిక్కిలి ప్రమాదకరము. 1996 నాటి చట్టము ప్రకారము అక్రమముగా 180 దినములు దాటి ఉండి వెడలినవానికి మూడేండ్లు, ఒక సంవత్సరమో అంతకు మించియో ఉండి వెడలినవానికి పదేండ్లు తిరిగి ప్రవేశము నిషేధము.

ఇచ్చట తల్లిదండ్రులకు ఒక మాట చెప్పవలసి యున్నది. ఉద్యోగము పోయిన సంగతిని పిల్లలు ఇంటికి తెలుపక దాచుట సర్వసాధారణము. తెలిసిన పిమ్మట ఇంటినుండి పోవు మొదటి మాట తరచుగా “ఏదో ఒక కంపెనీలో చేరిపో నాయనా” అనునది. ప్రేమతో అన్న మాటయే. కాని ఆ ‘ఏదో ఒక కంపెనీ’ని నడుపువారు సరిగా ఆ మాట కొరకే కాచుకొని యుందురు. పనిలేని పనికి పిటిషను వేయుదురు; ఉద్యోగి వద్దనే సొమ్ము పుచ్చుకొని, ఆ సొమ్మునే జీతముగా చూపి చీట్లు ఇత్తురు; లేని అనుభవమును ఉన్నట్లు వ్రాయుదురు. ఇది వంకర దారి కాదు, నేరము. అసత్యము చెప్పి అనుమతి పొందినట్లు తేలినవానికి ఆ దేశ ప్రవేశము శాశ్వతముగా మూసికొనిపోవును. ఉద్యోగము పోయినవాడు మరల పోవచ్చును. ఇట్లు పోయినవాడు పోలేడు.

మధ్యవర్తుల సంగతి ఇంకను కొంత చెప్పవలెను. కన్సల్టెన్సీలు అనబడు సంస్థలలో న్యాయముగా నడుచునవి ఉన్నవి. వాని ద్వారా జీవితమును నిలబెట్టుకొన్న తెలుగువారు వేలమంది. కాని పాత మిల్లు జాబరు అమెరికాలో కొత్త చొక్కా తొడిగి కూర్చున్నచోట్లును ఉన్నవి. ఆ చొక్కా లోపలివాడు కొన్నిచోట్ల తెలుగువాడే యగుట విచారకరము. అట్టివాని చేతిలోని పాశములు రెండు. ఒకటి, పని దొరకువరకు జీతము లేక ‘బెంచి’ మీద కూర్చుండబెట్టుట. రెండవది, ఇంతకాలము ఉండక విడిచినచో ఇంత సొమ్ము చెల్లించవలెనను బాండు.

ఈ రెండింటిని గురించియు 1998 నాటి చట్టము స్పష్టముగా పలికినది. పని చూపలేకపోవుట యజమాని లోపమైనప్పుడు, ఎల్.సి.ఎ.లో ఒప్పుకొన్న జీతమును అతడు చెల్లింపవలసినదే. ముందుగా విడిచినందుకు జరిమానా విధించుట కూడదు. అయితే యజమానికి నిజముగా కలిగిన నష్టమునకు ముందుగా అంచనావేసి ఒప్పుకొన్న పరిహారము అను దానిని ఆ చట్టము నిషేధింపలేదు. ఏది జరిమానా, ఏది పరిహారము అన్నది ఆయా రాష్ట్రపు న్యాయమును బట్టి తేలును. కావున బాండు ఉన్నదని బెదరిపోవుటయు తగదు, కాగితమేనని త్రోసిపుచ్చుటయు తగదు. దానిని ఒక న్యాయవాదికి చూపవలెను. పిటిషను ఖర్చును, దానికి చేరిన శిక్షణ రుసుమును ఉద్యోగి జీతము నుండి కోయుటకు వీలులేదు. జీతము ఎగవేసినచో కార్మిక శాఖలోని వేతన విభాగమునకు డబ్ల్యు.హెచ్.-4 అను పత్రముపై ఫిర్యాదు చేయవచ్చును. తప్పు జరిగిన పన్నెండు నెలలలోపల చేయవలెను. అట్లు ఫిర్యాదు చేసినవానిపై కక్ష తీర్చుకొనుటను చట్టము నిషేధించినది. ఒక హెచ్చరిక: అసలు పట్టాలను ఎవరి చేతిలోను విడువరాదు. నకళ్ళు చాలును.

గడువు తీరకముందే యజమాని తీసివేసినచో, ఆ ఉద్యోగి స్వదేశమునకు తిరిగివచ్చు ప్రయాణపు ఖర్చును అతడే భరింపవలెనను నియమము కూడ ఉన్నది. అడిగినవారు తక్కువ. తానే రాజీనామా ఇచ్చినవానికి ఇది వర్తింపదు. కుటుంబసభ్యుల ఖర్చు ఇందులో చేరదు.

ఇక గ్రీన్ కార్డు వరుసలో నిలిచినవారి మాట. “ఇన్నేండ్లు నిలిచితిని, ఇప్పుడు మారినచో వరుస పోవును” అను భయముతో, జీతము పెరుగక, ఎదుగుదల లేక, ఒకే కుర్చీలో పదేండ్లు గడుపువారు కలరు. ఈ భయము కొంత నిజము, చాలవరకు కాదు. ఉద్యోగము ద్వారా ఇచ్చు గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశమునకును వీనిలో నూటికి ఏడింటికి మించరాదను హద్దు 1990 నాటి చట్టములోనిది. అందువలననే 2025లో వెలువడిన వీసా బులెటిన్లలో ఇ.బి.-2 తరగతి భారతీయుల వరుస 2012, 2013 సంవత్సరముల వద్ద నిలిచియున్నది. ఇట్టి వరుసలో చోటు పోగొట్టుకొనుట ఎవరు భరింతురు?

కాని చోటు పోదు. యజమాని వేసిన ఐ-140 ఒకసారి ఆమోదము పొందినచో, ఆ ప్రయారిటీ తేది ఉద్యోగిదే. మోసమో, శాఖవారి పెద్ద పొరపాటో బయటపడి రద్దయిననే తప్ప, యజమాని కోపముతో వెనుకకు తీసికొనినను ఆ తేది నిలుచును. కొత్త యజమాని కార్మిక శాఖ ధ్రువీకరణమును, ఐ-140ని మొదటినుండి చేయవలసినదే. వరుసలో మాత్రము పాత తేదియే. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ఆమోదము పొందిన 180 దినములకు పిమ్మట యజమాని వెనుకకు తీసికొనినను, ఆ ఐ-140 ఆధారముతో ఆరేండ్లు దాటిన తరువాత మూడేసి ఏండ్ల పొడిగింపులు పొందవచ్చును. 180 దినములు నిండకముందే తీసికొన్నచో తేది నిలుచును గాని ఆ పొడిగింపునకు ఆధారము పోవును. కనుక ఆరేండ్లు దగ్గరపడినవాడు ఆమోదమైన మరుసటి నెలలోనే మారుట వివేకము కాదు. ఆరు నెలలు ఓర్చుకొనుట వివేకము. చివరి మెట్టైన ఐ-485 వేసి 180 దినములు గడచినవానికి మరింత సులువు. అదే పనియో, దానిని పోలిన పనియో అయినచో యజమాని మారినను ఆ దరఖాస్తు చెడదు. ఐ-140 ఆమోదపత్రపు నకలును యజమాని వద్దనుండి అడిగి తీసికొని భద్రపరచుకొనవలెను. కొందరు యజమానులు ఇయ్యరు. కనీసము దాని రసీదు సంఖ్యనైన వ్రాసికొనవలెను.

ఇతర దేశముల నియమములు వేరు. ఒక దేశపు అనుభవమును మరొక దేశమునకు అతికించి సలహా చెప్పుట పెండ్లిపందిళ్ళలో తరచుగా జరుగును. ఇంగ్లండులో 2020 డిసెంబరు 1 నుండి ఉన్న స్కిల్డ్ వర్కర్ వీసాపై పనిచేయువాడు యజమానిని మార్చదలచినచో, కొత్త యజమాని ఇచ్చు స్పాన్సర్‌షిప్ పత్రముతో తానే మరల దరఖాస్తు చేసికొనవలెను. ఆమోదము రానిదే కొత్త పనిలో చేరరాదు. రసీదుతో చేరుట అక్కడ చెల్లదు. గల్ఫు దేశములలో చాలకాలము యజమాని అనుమతిపత్రము లేక కదలుటకు వీలులేకుండెను. ఖతార్ 2020లో ఆ పత్రమును తొలగించినది. సౌదీ అరేబియా 2021 మార్చి 14 నుండి ఒక సంవత్సరము పనిచేసినవారికి కొన్ని షరతులతో మారు వీలు కల్పించినది.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ప్రకటనతో అమెరికాలోని తెలుగువారిలో పుట్టిన కలవరము అందరికిని తెలిసినదే. 21వ తేది నుండి వేయు కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపును అది పన్నెండు నెలల గడువుతో విధించినది. కంపెనీ మారువానికిని ఇది తప్పదేమోనని పలువురు నిశ్చేష్టులైరి. వలస సేవల శాఖ 2025 అక్టోబరు 20న ఇచ్చిన వివరణ ప్రకారము, దేశములోనే సక్రమ స్థితిలో ఉండి, పొడిగింపును కోరుచు యజమాని మారువారి పిటిషన్లకు ఇది వర్తింపదు. కాని ఆ పొడిగింపునకు అర్హత లేదని శాఖవారు తేల్చినచో వర్తించును. సక్రమ స్థితి అను మాటకు ఇంతకుముందు ఎంత విలువ ఉండెనో, ఆ వివరణ తరువాత దానికి లక్ష డాలర్ల విలువ వచ్చినది. ఇట్టి ఉత్తర్వులు న్యాయస్థానములలో మారుచుండును, గడువులు తీరుచుండును. మారదలచినవాడు ఆ వారపు నియమమును చూచుకొనియే అడుగు వేయవలెను.

కుటుంబము వెంట ఉన్నవారికి ఒక విషయము. ఉద్యోగికి కొత్త పిటిషను వేసినంత మాత్రమున భార్యాబిడ్డల హెచ్-4 దానంతట అది పొడిగదు. వారి ఐ-94 గడువు తీరుచున్నచో వారికై ఐ-539 అను దరఖాస్తు వేరుగా వేయవలెను. తన కాగితము చూచుకొని పిల్లవాని కాగితము మరచిన తండ్రులు కలరు. 2015 నుండి కొందరు హెచ్-4 వారికి పని చేయు అనుమతి లభించుచున్నది. అది ఉద్యోగి స్థితిపై ఆధారపడినది కావున, అతని అరువది దినములు ముగిసినచో ఆమె ఉద్యోగమును చిక్కులో పడును. ఇంటిలో రెండు జీతములున్నవని ధైర్యపడువారు ఈ ముడిని గుర్తింపవలెను.

ఉద్యోగము దొరకక తిరిగి రాదలచినవాని పరిస్థితి బంధువులు భావించునంత చీకటి కాదు. అరువది దినములలోపల వెడలిన యెడల అతని పేరున ఏ మచ్చయు ఉండదు. పరిమితిలో ఒకసారి లెక్కకు వచ్చియున్నందున, ఆరేండ్లలో మిగిలిన కాలమునకు లాటరీ లేకనే మరల పిటిషను వేయించుకొనవచ్చును. అయితే దేశము బయట ఉండి చెల్లు వీసా లేనివానికి వేయు పిటిషనుకు 2025 ప్రకటనలోని చెల్లింపు అడ్డు రావచ్చును. అందువలన వెడలుటకు ముందే ముద్ర గడువు ఎంతవరకు ఉన్నదో చూచుకొనవలెను. బయట గడిపిన దినములు ఆరేండ్ల లెక్కలో చేరవు. సెలవులకు వచ్చిన దినములు కూడ అంతే; నాలుగేండ్లలో రెండు మూడు మారులు వచ్చిపోయినవానికి ఈ విధముగా కొన్ని నెలలు కలిసివచ్చును. అయితే ఆ దినములను అడిగి, రుజువు చూపి పొందవలెను. కావున విమానపు టికెట్లను, పాత పాస్‌పోర్టులను, వానిలోని రాకపోకల ముద్రల నకళ్ళను పారవేయక, ఒక ప్రతి అక్కడను, ఒక ప్రతి ఇచ్చట తల్లిదండ్రుల వద్దను ఉంచుకొనవలెను.